రిపోర్టు క్వెరీలో సిస్టమ్ వేరియబుల్: విలువ ఎవరు నింపుతున్నారో ముందు చూడండి

స్కూల్ సాఫ్ట్‌వేర్‌లో రిపోర్టు అడిగేవాళ్లు ఐడీలు, తేదీలు చెప్పరు. "ఈ ఏడాది హాజరు", "ఈ టర్మ్ మార్కులు", "మా స్కూలు బకాయిలు", "నా సెక్షన్ పిల్లలు", "ఇవాళ్టి దాకా" అంటారు. ఈ, మా, నా, ఇవాళ అన్న మాటల్లో ఒక్కటీ డేటాబేస్‌కు తెలియదు. దానికి స్కూల్ ఐడీ 12, యూజర్ ఐడీ 508 లాంటి నికరమైన విలువలు కావాలి. వాటిని క్వెరీలో (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో) చేత్తో రాసేస్తే రిపోర్టు ఒక్క స్కూలుకి, ఒక్క ఏడాదికే పనికొస్తుంది. వచ్చే ఏడాది దాన్ని తెరిచి దిద్దడం మరిచిపోతే పాత అంకెలే కొత్త తేదీతో ప్రింటవుతాయి. సిస్టమ్ వేరియబుల్స్, అంటే రిపోర్టు నడిచేటప్పుడు సిస్టమే విలువ నింపే పేర్లు, ఉన్నది ఈ బెడద తప్పించడానికే. కానీ వాటితో వచ్చే చిక్కులు వేరే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఎర్రర్ రూపంలో రావు, తప్పుడు అంకెల రూపంలో వస్తాయి.

(కీవర్డులు, టేబుల్ పేర్లు, వేరియబుల్ పేర్లు అన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. ఎడిటర్‌లో టైప్ చేసేది మాత్రం ఎప్పటిలా ఇంగ్లిష్ స్పెల్లింగే.)

రెండు చోట్ల నుంచి వచ్చే విలువలు

సిస్టమ్ వేరియబుల్ అనే ఒకే పేరుతో రెండు వేర్వేరు వస్తువులు చలామణీ అవుతుంటాయి. ఒకటి స్కూల్ సాఫ్ట్‌వేర్ ఇచ్చేది: లాగిన్ అయిన యూజర్, ఎంచుకున్న స్కూలు, నడుస్తున్న విద్యా సంవత్సరం, టర్మ్, కోర్సు. రెండోది డేటాబేస్ ఇచ్చేది: కరెంట్_డేట్, కరెంట్_యూజర్, టైమ్‌జోన్, ఎస్‌క్యూఎల్_మోడ్ వగైరా. మొదటిదాన్ని క్వెరీ డేటాబేస్‌కు చేరకముందే అప్లికేషన్ నింపుతుంది. రెండోదాన్ని క్వెరీ నడిచేటప్పుడు డేటాబేస్ తనకు తెలిసినదాన్నిబట్టి నింపుతుంది. డేటాబేస్‌కు తెలిసింది తన సెషన్ సంగతే. స్కూలు సంగతి దానికి పట్టదు.

ఆన్‌లైన్ కోర్సులు నడిపే మూడిల్‌లో యాడ్-హాక్ డేటాబేస్ క్వెరీస్ ప్లగిన్ తీసుకోండి. అందులో %%యూజర్‌ఐడీ%% అని రాస్తే రిపోర్టు నడిపే మనిషి ఐడీ వచ్చి కూర్చుంటుంది. %%స్టార్ట్‌టైమ్%%, %%ఎండ్‌టైమ్%% అనేవి షెడ్యూల్ చేసిన రిపోర్టుల కోసం, అంటే ఆ రోజు, ఆ వారం లేదా ఆ నెల హద్దులు. కాన్ఫిగరబుల్ రిపోర్ట్స్ ప్లగిన్‌లో వీటితోపాటు %%కోర్స్‌ఐడీ%% కూడా ఉంటుంది. స్కూలు రికార్డుల సాఫ్ట్‌వేర్ పవర్‌స్కూల్‌లో రూపం వేరు: ~(కర్‌స్కూల్‌ఐడీ), ~(కర్‌ఇయర్‌ఐడీ), ~(కర్‌టర్మ్‌ఐడీ). గుర్తులు ఏవైనా పని ఒకటే.

డేటాబేస్ ఇచ్చేదాన్ని అప్లికేషన్ ఇచ్చేదిగా పొరబడటం అన్నిటికన్నా మామూలు తప్పు. "నా సెక్షన్ పిల్లలు" రిపోర్టులో టీచర్‌ను కరెంట్_యూజర్‌తో పోల్చే క్వెరీలు తరచూ కనబడతాయి. వెబ్ అప్లికేషన్ డేటాబేస్‌కు ఒకే ఖాతాతో కనెక్ట్ అవుతుంది. కాబట్టి టీచర్లందరికీ కరెంట్_యూజర్ ఒకటే, ఆ సర్వీస్ ఖాతా పేరు. డెవలపర్ తన సొంత ఖాతాతో పరీక్షించినప్పుడు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

టెక్స్ట్ అతికింపా, బైండా?

వేరియబుల్ క్వెరీలోకి రెండు దారుల్లో రావచ్చు. కొన్ని సాఫ్ట్‌వేర్లు గుర్తు ఉన్నచోట విలువను అక్షరాలా అతికించి, మొత్తాన్ని ఒకే టెక్స్ట్‌గా డేటాబేస్‌కు పంపుతాయి. కొన్ని :స్కూల్_ఐడీ లాంటి పేరుతో విలువను క్వెరీ టెక్స్ట్‌లో కలపకుండా విడిగా పంపుతాయి, దీన్నే బైండ్ చేయడం అంటారు. మీ సాఫ్ట్‌వేర్ ఏది చేస్తుందో తేల్చుకోకుండా ఒక్క లైనూ రాయకండి. ఎందుకంటే విలువ ఖాళీగా వచ్చినప్పుడు ఈ రెండూ పూర్తిగా వేర్వేరుగా ప్రవర్తిస్తాయి.

అతికించే పద్ధతిలో "స్కూల్_ఐడీ = " తర్వాత ఏమీ లేకుండా వెంటనే "అండ్" వస్తుంది. సింటాక్స్ ఎర్రర్. నిజానికి ఇది అదృష్టం, ఎవరో ఒకరు చూస్తారు. బైండ్ పద్ధతిలో ఖాళీ విలువ నల్ (విలువే లేదని చెప్పే గుర్తు) అవుతుంది. స్కూల్_ఐడీ = నల్ అనేది ఏ వరుసకూ నిజం కాదు కాబట్టి రిపోర్టు ఒక్క వరుస లేకుండా, ఏ ఎర్రరూ లేకుండా ప్రశాంతంగా వస్తుంది. బకాయిల రిపోర్టు అలా ఖాళీగా వస్తే చూసేవాళ్లు "బకాయిలు లేవు" అనే అర్థం చేసుకుంటారు.

కోట్స్ విషయంలోనూ తేడా ఉంది. అతికించే పద్ధతిలో టెక్స్ట్ విలువ చుట్టూ కోట్స్ మీరే పెట్టాలి. బైండ్ పద్ధతిలో పెట్టకూడదు. పెడితే విలువ బదులు ఆ గుర్తు పేరుతోనే పోల్చి చూస్తుంది. అడ్మిషన్ నంబరు 00417 అనుకోండి. కోట్స్ లేకుండా అతికిస్తే డేటాబేస్ దాన్ని 417 అనే సంఖ్యగా చూస్తుంది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో టెక్స్ట్ కాలమ్‌ను సంఖ్యతో పోలిస్తే కాలమ్‌లోని ప్రతి విలువా సంఖ్యగా మారుతుంది. అప్పుడు 417, 0417, 00417 మూడూ సరిపోతాయి, పైగా ఇండెక్స్ (త్వరగా వెతకడానికి కట్టుకున్న సూచిక) వాడకంలోకి రాదు. ఒక్క విద్యార్థి కార్డు అడిగితే ముగ్గురివి రావడానికి ఇదో కారణం.

ఒకటి కన్నా ఎక్కువ విలువలు ఉన్న వేరియబుల్ ఇంకా ప్రమాదం. టీచర్‌కు 3, 5, 9 సెక్షన్లు ఉన్నాయి, సాఫ్ట్‌వేర్ దాన్ని '3,5,9' అనే ఒకే టెక్స్ట్‌గా బైండ్ చేసింది, మీరు సెక్షన్_ఐడీ ఇన్ (:సెక్షన్లు) అని రాశారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అయితే ఇది ఇంటీజర్ కాదని మొరాయిస్తుంది. మైఎస్‌క్యూఎల్ మాత్రం '3,5,9' టెక్స్ట్‌ను సంఖ్యగా మార్చబోయి, మొదటి కామా దగ్గర ఆగి, 3 అని తీసుకుంటుంది. వచ్చేది ఒక వార్నింగ్ మాత్రమే, దాన్ని ఏ రిపోర్టు స్క్రీనూ చూపించదు. టీచర్‌కు మొదటి సెక్షన్ మాత్రమే కనబడుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఫైండ్_ఇన్_సెట్‌తో పని గడుస్తుంది, కానీ ఇండెక్స్ వాడదు, చిన్న టేబుళ్లకే పనికొస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో అర్రేగా పంపి = ఎనీ(:సెక్షన్లు) అనండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 నుంచి స్ట్రింగ్_స్ప్లిట్ ఉంది.

యూజర్ స్వయంగా టైప్ చేసే విలువను, అంటే పేరు, రిమార్కు, సెర్చ్ మాట లాంటివాటిని, అతికించే పద్ధతిలో క్వెరీలోకి రానివ్వకండి. విలువ ముసుగులో ఎవరైనా తమ ఆదేశాలను క్వెరీలోకి చొప్పించవచ్చు, ఇంజెక్షన్ అంటే అదే. సిస్టమ్ నింపే సంఖ్యా ఐడీలకు ఆ భయం లేదు.

గుర్తుల గొడవ కూడా కొంత ఉంటుంది. కోలన్‌తో మొదలయ్యే పేర్లను వేరియబుల్‌గా చూసే సాఫ్ట్‌వేర్లలో '08:30' లాంటి సమయం, పోస్ట్‌గ్రెస్ రెండు కోలన్ల కాస్ట్ (రకం మార్పిడి) రెండూ అపార్థానికి గురికావచ్చు. కాస్ట్(... యాజ్ డేట్) అని పూర్తిగా రాయడం శ్రేయస్కరం. మూడిల్ యాడ్-హాక్ ప్లగిన్‌లో ప్రశ్నార్థకం, కోలన్, సెమీకోలన్ క్వెరీలో నేరుగా రాయకుండా ఉండటానికి %%క్యూ%%, %%సీ%%, %%ఎస్%% అని ఇచ్చారు. లింకులు కట్టే క్వెరీల్లో యూఆర్‌ఎల్ మధ్యలో ప్రశ్నార్థకం తప్పదు కాబట్టి %%క్యూ%% అవసరం తొందరగానే పడుతుంది. ఆ ప్లగిన్‌లో వరుసల పరిమితి డిఫాల్ట్‌గా 5000. స్కూలు మొత్తం హాజరు రికార్డులు లాగితే మధ్యలో తెగడం ఖాయం.

విద్యా సంవత్సరాన్ని క్యాలెండర్ నుంచి లెక్కగట్టకండి

ఇయర్(కరెంట్_డేట్) అని రాసినచోటల్లా ఒక బగ్ జనవరి 1 కోసం కాచుక్కూర్చుంటుంది. జూన్‌లో మొదలయ్యే సంవత్సరం డిసెంబరు 31 దాకా సరిగ్గానే వస్తుంది, మర్నాడు రిపోర్టులన్నీ ఖాళీ. దీనికి విరుగుడుగా తేదీలోంచి 5 నెలలు తీసేసి ఏడాది తీయడం చాలామంది చేస్తారు. సంవత్సరం మొదలయ్యే నెల మారనంతవరకు అది నడుస్తుంది. ఒకే సాఫ్ట్‌వేర్‌లో రెండు స్కూళ్లకు రెండు వేర్వేరు మొదలు తేదీలుంటే నడవదు.

సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఇయర్ వేరియబుల్ ఉంటే అదే వాడాలి. కానీ అది ఏ రూపంలో ఉందో చూసుకోండి. పవర్‌స్కూల్‌లో ఇయర్‌ఐడీ అంటే సంవత్సరం మొదలయ్యే క్యాలెండర్ ఏడాదిలోంచి 1990 తీసేసిన సంఖ్య. 2024-25కు 34. టర్మ్‌ఐడీ దాన్ని నూరుతో హెచ్చవేసి కడతారు. పూర్తి సంవత్సరం 3400, దానిలోపలి టర్ములు 3401, 3402 అలా. ఇక్కడే పెద్ద గొయ్యి ఉంది. మొదటి సెమిస్టర్ ఎంచుకుని టర్మ్‌ఐడీ = ~(కర్‌టర్మ్‌ఐడీ) అంటే 3401 వరుసలే వస్తాయి. ఏడాది పొడవునా నడిచే సబ్జెక్టులు 3400 కింద ఉంటాయి కాబట్టి అవన్నీ మాయం. ఆ ఏడాదివన్నీ కావాలంటే టర్మ్‌ఐడీ >= 3400 అండ్ టర్మ్‌ఐడీ < 3500 అనే పరిధి వాడండి, 3400 బదులు ~(కర్‌ఇయర్‌ఐడీ) * 100 పెట్టి. విద్యార్థి మానేసిన క్లాసులు సీసీ అనే క్లాసు నమోదుల టేబుల్‌లో రుణ సంఖ్య టర్మ్‌ఐడీతో ఉంటాయి. పై పరిధి వాటిని తనంతట తానే వదిలేస్తుంది. మానేసినవి కూడా కావాలంటే ఏబీఎస్ (రుణ గుర్తు తీసేసే ఫంక్షన్) పెట్టాలి.

ఇయర్ వేరియబుల్ లేని సాఫ్ట్‌వేర్‌లో సంవత్సరాల టేబుల్ తప్పకుండా ఉంటుంది, స్టార్ట్_డేట్, ఎండ్_డేట్‌తో. "కరెంట్_డేట్ ఈ రెండిటి మధ్య ఉన్న వరుస" అని రాస్తే రెండు సందర్భాల్లో దొరికిపోతారు. సెలవుల్లో ఏ సంవత్సరమూ నడవదు కాబట్టి వరుస దొరకదు, రిపోర్టు ఖాళీ. కొత్త సంవత్సరం అడ్మిషన్ల కోసం ముందే తెరిచి పాతది ఇంకా మూయకపోతే రెండు వరుసలు దొరుకుతాయి, జాయిన్‌లో ప్రతి అంకె రెండింతలవుతుంది. స్టార్ట్_డేట్ <= కరెంట్_డేట్ అయినవాటిలో అన్నిటికన్నా ఆలస్యంగా మొదలైనది ఒక్కటే తీసుకోండి:

    సెలెక్ట్ ఐడీ
    ఫ్రమ్ అకడమిక్_ఇయర్
    వేర్ స్కూల్_ఐడీ = :స్కూల్_ఐడీ
      అండ్ స్టార్ట్_డేట్ <= కరెంట్_డేట్
    ఆర్డర్ బై స్టార్ట్_డేట్ డెస్క్
    లిమిట్ 1

సెలవుల్లో ఇది ముగిసిన సంవత్సరాన్ని చూపిస్తుంది, చాలా రిపోర్టులకు అదే కావాలి. అడ్మిషన్ రిపోర్టుకు మాత్రం పనికిరాదు, దానికి రాబోయే సంవత్సరం కావాలి.

మరో సంగతి. అడ్మిన్ సంవత్సరాన్ని మార్చిన రోజున, "ప్రస్తుత సంవత్సరం" వాడిన ప్రతి రిపోర్టూ మారిపోతుంది. మూడేళ్ల కిందటి ప్రోగ్రెస్ కార్డు మళ్లీ ప్రింట్ చేయమని ఎవరో వస్తారు. కాబట్టి సంవత్సరాన్ని ఎంచుకునే ప్రాంప్ట్‌గా ఉంచి, సిస్టమ్ వేరియబుల్‌ను దానికి డిఫాల్ట్ విలువగా ఇవ్వడం మేలు. పాత సంవత్సరం ఎంచుకున్నప్పుడు క్లాసు, సెక్షన్ ఎన్‌రోల్‌మెంట్ టేబుల్ నుంచి రావాలి. స్టూడెంట్ టేబుల్‌లోని ప్రస్తుత క్లాసు తీసుకుంటే మూడేళ్ల కిందటి మార్కుల పక్కన ఈ ఏడాది తరగతి అచ్చవుతుంది.

"ఇవాళ" ఎవరి గడియారం ప్రకారం?

సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడుస్తూ, స్కూలు యూటీసీకి 8 గంటలు ముందుంటే, ఉదయం 7:50కి వేసిన హాజరు సర్వర్ లెక్కలో నిన్న రాత్రి 23:50. 8 గంటల్లోపు నడిపిన "ఇవాళ్టి గైర్హాజరు" రిపోర్టు నిన్నటిది చూపిస్తుంది, 8 దాటాక నడిపితే సరిగ్గా వస్తుంది. పొద్దున వచ్చిన ఫిర్యాదును పదింటికి పరీక్షిస్తే ఏమీ తేలకపోవడానికి కారణం ఇదే.

ఒక్కో డేటాబేస్‌లో గడియారం ఒక్కో చోట ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ కరెంట్_డేట్ సెషన్ టైమ్‌జోన్ సెట్టింగ్‌ను చూస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లోనూ సెషన్ టైమ్_జోన్ ప్రకారమే నడుస్తుంది, పైగా టైమ్‌స్టాంప్ కాలమ్ ఆ జోన్‌లోకి మారి కనబడుతుంది, డేట్‌టైమ్ కాలమ్ మారదు. రెండు రకాల కాలమ్‌లనూ ఒకే షరతులో పోల్చే క్వెరీ ఉంటే దాన్ని ముందు అనుమానించండి. ఒరాకిల్‌లో సిస్‌డేట్ సర్వర్ మెషీన్ సమయం, కరెంట్_డేట్ సెషన్ జోన్ సమయం. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో గెట్‌డేట్() సర్వర్ మెషీన్‌దే.

ఒరాకిల్‌తో ఇంకో చిక్కు ఉంది. సిస్‌డేట్‌లో గంటలు, నిమిషాలు కూడా ఉంటాయి. డ్యూ_డేట్ < సిస్‌డేట్ అంటే ఇవాళ్టి అర్ధరాత్రి 00:00గా దాచిన గడువు తేదీ కూడా దాటిపోయినట్టే లెక్క. ఫీజు కట్టడానికి ఇవాళంతా టైముండగానే ఆ పిల్లవాడు బాకీదారుల జాబితాలో ఎక్కుతాడు. ట్రంక్(సిస్‌డేట్) తో పోల్చండి.

తేదీ పరిధుల్లో బిట్వీన్ వాడకపోవడమే మంచిది. కాలమ్‌లో సమయం కూడా ఉంటే చివరి రోజు అర్ధరాత్రి తర్వాతివన్నీ తప్పిపోతాయి. మొదలు >=, మర్నాడు <. మూడిల్ టేబుళ్లలో సమయాలన్నీ యూనిక్స్ సెకన్ల (1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్ల) సంఖ్యలుగా ఉంటాయి, అక్కడా ఇదే రూపం: టైమ్‌క్రియేటెడ్ >= %%స్టార్ట్‌టైమ్%% అండ్ టైమ్‌క్రియేటెడ్ < %%ఎండ్‌టైమ్%%. కాలమ్ చుట్టూ డేట్() లాంటి ఫంక్షన్ చుట్టి కరెంట్_డేట్‌తో సమానం చేస్తే ఇండెక్స్ వృథా. మార్పిడి ఎప్పుడూ వేరియబుల్ వైపు చేయండి, కాలమ్ వైపు కాదు. మైఎస్‌క్యూఎల్‌లో సిస్‌డేట్() వాడినా ఇండెక్స్‌కు ఇదే గతి. అది వరుసకొకసారి మారగల విలువ. నౌ() స్టేట్‌మెంట్ మొదట్లో ఒక్కసారి నిలిచిపోతుంది, అదే వాడండి.

వారం రోజుల లెక్క కూడా సిస్టమ్ వేరియబుల్ మీదే ఆధారపడి ఉంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డేట్‌పార్ట్(వీక్‌డే, ...) @@డేట్‌ఫస్ట్ ప్రకారం మారుతుంది, అది లాగిన్ భాషను బట్టి. యూఎస్ ఇంగ్లిష్‌కు వారం ఆదివారంతో మొదలు, బ్రిటిష్ ఇంగ్లిష్‌కు సోమవారంతో. ఒకే క్వెరీ రెండు లాగిన్లలో రెండు రకాలుగా వస్తే ముందు ఇది చూడండి. మైఎస్‌క్యూఎల్‌లో డేఆఫ్‌వీక్‌కు ఆదివారం 1, వీక్‌డేకు సోమవారం 0.

అన్నీ ఒకే చోట పెట్టండి

వేరియబుల్‌ను క్వెరీలో పది చోట్ల చల్లకుండా, పైన ఒకే వరుసగా కట్టి కింద దాన్నే వాడటం అలవాటు చేసుకుంటే సగం తలనొప్పులు పోతాయి. పోస్ట్‌గ్రెస్‌లో హాజరు రిపోర్టు ఇలా ఉంటుంది:

    విత్ పి యాజ్ (
      సెలెక్ట్ టి.స్కూల్_ఐడీ, టి.ఇయర్_ఐడీ,
             టి.స్టార్ట్_డేట్ యాజ్ డీ1,
             లీస్ట్(టి.ఎండ్_డేట్, కరెంట్_డేట్) యాజ్ డీ2
      ఫ్రమ్ టర్మ్ టి
      వేర్ టి.ఐడీ = కాస్ట్(:టర్మ్_ఐడీ యాజ్ ఇంట్)
        అండ్ టి.స్కూల్_ఐడీ = కాస్ట్(:స్కూల్_ఐడీ యాజ్ ఇంట్)
    )
    సెలెక్ట్ ఎస్.నేమ్, కౌంట్(ఏ.ఐడీ) యాజ్ ఆబ్సెంట్_డేస్
    ఫ్రమ్ పి
    జాయిన్ ఎన్‌రోల్‌మెంట్ ఈ
      ఆన్ ఈ.స్కూల్_ఐడీ = పి.స్కూల్_ఐడీ
      అండ్ ఈ.ఇయర్_ఐడీ = పి.ఇయర్_ఐడీ
    జాయిన్ స్టూడెంట్ ఎస్ ఆన్ ఎస్.ఐడీ = ఈ.స్టూడెంట్_ఐడీ
    లెఫ్ట్ జాయిన్ అటెండెన్స్ ఏ
      ఆన్ ఏ.స్టూడెంట్_ఐడీ = ఎస్.ఐడీ
      అండ్ ఏ.కోడ్ = 'ఏ'
      అండ్ ఏ.డే >= పి.డీ1 అండ్ ఏ.డే <= పి.డీ2
    గ్రూప్ బై ఎస్.ఐడీ, ఎస్.నేమ్

డే కాలమ్‌లో సమయం లేదు, వట్టి తేదీ కాబట్టి ఇక్కడ <= సరిపోతుంది. రకం మార్పిడి ఒక్కసారే పైన జరుగుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో కాస్ట్‌కు ఇంట్ బదులు సైన్డ్ అనాలి, విత్ కావాలంటే 8.0 ఉండాలి. పరీక్షించేటప్పుడు పైన రెండు విలువలు చేత్తో పెడితే చాలు, కింద ఏదీ కదపనక్కర్లేదు. సెలెక్ట్‌తో మొదలవని క్వెరీని ఒప్పుకోని రిపోర్టు బిల్డర్ అయితే అదే భాగాన్ని ఫ్రమ్‌లో బ్రాకెట్ల మధ్య సబ్‌క్వెరీగా పెట్టండి.

కోడ్, తేదీల షరతులు లెఫ్ట్ జాయిన్ ఆన్ కిందే ఉన్నాయి చూడండి. వాటిని కింద వేర్‌లోకి దించితే ఒక్కరోజూ మానని పిల్లలు రిపోర్టులోంచి మాయమవుతారు, ఎందుకంటే వాళ్లకు ఏ.డే నల్. సున్నాతో కనబడాల్సినవాళ్లు అసలు కనబడరు. వేరియబుల్ షరతులన్నీ వేర్‌లోనే ఉండాలన్న అలవాటు వల్ల వచ్చే నష్టం ఇది.

లీస్ట్ దగ్గర ఒక తిరకాసు ఉంది. టర్మ్‌కు ఎండ్_డేట్ ఇంకా పెట్టకపోతే, అంటే నల్ అయితే, పోస్ట్‌గ్రెస్ ఆ నల్‌ను పక్కనపెట్టి ఇవాళ్టి తేదీ ఇస్తుంది. మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్ మాత్రం మొత్తం నల్ చేసేస్తాయి, అప్పుడు అందరికీ సున్నా గైర్హాజరు. క్వెరీని ఒక డేటాబేస్ నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు కోఎలెస్(టి.ఎండ్_డేట్, కరెంట్_డేట్) లోపల పెట్టి మార్చండి, మొదటిది నల్ అయితే కోఎలెస్ రెండోది ఇస్తుంది.

హాజరు శాతం కావాలంటే పనిదినాల లెక్క కూడా డీ1 నుంచి డీ2 దాకానే తీయాలి. టర్మ్ మొత్తం పనిదినాలతో భాగిస్తే టర్మ్ మధ్యలో ఎవరికీ అరవై శాతం కూడా రాదు. మధ్యలో చేరినవాళ్లకు గ్రేటెస్ట్(డీ1, చేరిన తేదీ). భాగహారం దగ్గర ఇంకోటి. పోస్ట్‌గ్రెస్‌లో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 17/20 అంటే సున్నా, రెండూ ఇంటీజర్లు కాబట్టి. 100.0 ముందు పెట్టి గుణించండి. హారానికి నల్‌ఇఫ్(..., 0) పెట్టండి, సున్నాతో భాగించే ఎర్రర్ రాదు.

స్కూలు సున్నా అయితే

చాలా సాఫ్ట్‌వేర్లలో కేంద్ర కార్యాలయం నుంచి లాగిన్ అయితే స్కూల్ వేరియబుల్‌కు ప్రత్యేక విలువ వస్తుంది. పవర్‌స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీస్‌లో అది 0. అన్ని స్కూళ్లూ చూపించడానికి అందరూ రాసేది ఇది: (:స్కూల్_ఐడీ = 0 ఆర్ ఈ.స్కూల్_ఐడీ = :స్కూల్_ఐడీ). పనిచేస్తుంది. కానీ ఖాళీ విలువను 0గా మార్చే అలవాటు ఎక్కడైనా ఉంటే, అంటే కోఎలెస్(:స్కూల్_ఐడీ, 0) లాంటిది, స్కూల్ ఎంచుకోని మామూలు టీచర్‌కు అన్ని స్కూళ్ల పిల్లల వివరాలూ తెరుచుకుంటాయి. సున్నాకు అన్నీ, నల్‌కు ఏమీ లేదు. ఈ రెండిటినీ ఎప్పుడూ కలపకండి. "ఆర్" బ్రాకెట్ల మధ్య లేకపోతే తర్వాతి అండ్‌తో కలిసి ఇంకా అధ్వానం.

అసలు రక్షణను రిపోర్టు క్వెరీ మీద వదలడం నాకు నచ్చదు. పోస్ట్‌గ్రెస్‌లో రో లెవెల్ సెక్యూరిటీ (ఎవరికి ఏ వరుసలు కనబడాలో డేటాబేసే తేల్చే ఏర్పాటు) పెట్టి, అప్లికేషన్ ప్రతి ట్రాన్సాక్షన్ మొదట్లో సెట్_కాన్ఫిగ్('యాప్.యూజర్_ఐడీ', విలువ, ట్రూ) అంటే సరిపోతుంది. మూడో విలువ ట్రూ అయితే ఆ ట్రాన్సాక్షన్ వరకే. ఫాల్స్ అయితే విలువ కనెక్షన్‌లో మిగిలిపోయి, పూల్ (అందరూ పంచుకునే కనెక్షన్ల గుంపు) నుంచి అదే కనెక్షన్ అందుకున్న తర్వాతి టీచర్‌కు ముందు టీచర్ పిల్లలు కనబడతారు. చదవడానికి కరెంట్_సెట్టింగ్('యాప్.యూజర్_ఐడీ', ట్రూ). ఇది ఎప్పుడూ పెట్టని సెషన్‌లో నల్ ఇస్తుంది, ఒకసారి పెట్టి ట్రాన్సాక్షన్ ముగిశాక ఖాళీ టెక్స్ట్ ఇస్తుంది. ఖాళీ టెక్స్ట్‌ను ఇంటీజర్‌గా మార్చబోతే ఎర్రర్. నల్‌ఇఫ్(కరెంట్_సెట్టింగ్(...), '') పెట్టి ఆ తర్వాత కాస్ట్ చేయండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇదే పనికి సెషన్_కాంటెక్స్ట్ (2016 నుంచి), ఒరాకిల్‌లో సిస్_కాంటెక్స్ట్.

డేటాబేస్ సొంత సెట్టింగులు

వీటిలో రిపోర్టుల్ని నిజంగా దెబ్బతీసేవి కొన్నే. మైఎస్‌క్యూఎల్ గ్రూప్_కాన్‌క్యాట్_మ్యాక్స్_లెన్ డిఫాల్ట్ 1024 బైట్లు. సబ్జెక్టులన్నీ ఒకే గడిలో కామాలతో చూపించే రిపోర్టు అక్కడ తెగుతుంది, ఎర్రర్ రాదు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షర సంకేతం ఒక్కోటీ 3 బైట్లు కాబట్టి పేర్లు తెలుగులో ఉంటే 341 సంకేతాలకే అయిపోతుంది, వత్తులు, గుణింతాలు విడివిడి సంకేతాలే మరి. సెషన్‌లో ముందుగా పెంచండి.

ఓన్లీ_ఫుల్_గ్రూప్_బై (గ్రూప్ బైలో లేని కాలమ్‌ను నేరుగా సెలెక్ట్ చేయనివ్వని సెట్టింగ్) మైఎస్‌క్యూఎల్ 5.7.5 నుంచి డిఫాల్ట్. అప్‌గ్రేడ్ తర్వాత పాత రిపోర్టులు దీని మీద పడిపోతే దాన్ని ఆపేయాలనిపిస్తుంది. ఆపకండి. అది పట్టుకున్న క్వెరీలు చాలావరకు ఒక్కో విద్యార్థికి ఏదో ఒక మార్కును యాదృచ్ఛికంగా చూపిస్తున్నవే.

ర్యాంకుల కోసం @ఆర్ := @ఆర్ + 1 రాసిన పాత క్వెరీలు ఇంకా తిరుగుతున్నాయి. ఆ వేరియబుల్ సెషన్ అంతా బతికే ఉంటుంది, కాబట్టి సున్నా చేయకపోతే రెండోసారి నడిపినప్పుడు మొదటి ర్యాంకు 41 దగ్గర మొదలు కావచ్చు. ఆర్డర్ బై కంటే ముందే విలువలు లెక్కపడితే ర్యాంకులు చిందరవందరవుతాయి. ఎక్స్‌ప్రెషన్‌లో ఇలా విలువ పెట్టడాన్ని 8.0.13 నుంచి వద్దంటున్నారు కూడా. ర్యాంక్() ఓవర్ (పార్టిషన్ బై సెక్షన్_ఐడీ ఆర్డర్ బై టోటల్ డెస్క్) రాయండి. సమాన మార్కులకు ర్యాంక్ 1, 2, 2, 4 ఇస్తుంది, డెన్స్_ర్యాంక్ 1, 2, 2, 3 ఇస్తుంది. ఏది కావాలో స్కూలును ముందే అడిగి రాయించుకోండి, తర్వాత తల్లిదండ్రులు అడుగుతారు.

రిపోర్టు విడుదలకు ముందు

అసలు క్వెరీ రాయకముందే వేరియబుల్స్ మాత్రమే చూపించే చిన్న రిపోర్టు ఒకటి కట్టండి: స్కూల్, ఇయర్, టర్మ్, యూజర్, డేటాబేస్ యూజర్, నౌ(), సెషన్ టైమ్‌జోన్. ప్రతి విలువా విడి కాలమ్‌లో. దాన్ని టీచర్, ప్రిన్సిపల్, కేంద్ర కార్యాలయం లాగిన్లతో నడిపి, నాలుగోసారి షెడ్యూల్ మీద నడవనివ్వండి. నాలుగోదాన్ని అందరూ వదిలేస్తారు. రాత్రి రెండింటికి షెడ్యూలర్ నడిపేటప్పుడు లాగిన్ అయిన మనిషి లేడు, ఎంచుకున్న స్కూలు లేదు, టైమ్‌జోన్ కూడా వేరే కావచ్చు. అక్కడ ఖాళీగా కనబడిన ప్రతి వేరియబుల్‌కూ షెడ్యూల్ సెట్టింగుల్లో స్థిర విలువ ఇవ్వాలి, లేదా ఆ రిపోర్టును షెడ్యూల్ మీద పెట్టకూడదు.

ప్రింటయ్యే రిపోర్టు తలకట్టులో స్కూలు పేరు, సంవత్సరం, టర్మ్, డీ1, డీ2, నడిపిన సమయం పి వరుస నుంచే రానివ్వండి, చేత్తో టైప్ చేసిన శీర్షిక వద్దు. వరుసలు రాకపోయినా తలకట్టు రావాలి కాబట్టి దానికి విడిగా క్వెరీ పెట్టండి. అందులో సంవత్సరం ఖాళీగా కనబడితే, కింద "రికార్డులు లేవు" అన్న మాటను ఎవరూ నమ్మరు.